వేట నిషేధం అమలు: న్యాయం, ప్రాధాన్యతలు

పరిచయం

నార్సింగి నేడు ఔటర్ రింగు రోడ్డు పక్కన బహుళ అంతస్తుల భవనాల ప్రాంతం. దానికి చేరువలోనే గండిపేట జలాశయం, చిలుకూరు వద్ద మృగవని జాతీయ ఉద్యానవనం ఉన్నాయి. వన్యప్రాణులు, మనుషులు పక్కపక్కనే మసలే ఇలాంటి చోట వేట నిషేధాన్ని ఎవరిపై, ఏ క్రమంలో అమలు చేయాలన్నది పాలనకు సంబంధించిన ప్రశ్న. ఈ భాగంలో దానిని పరిశీలిద్దాం.

చట్టం ఏమి చెబుతుంది?

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని సెక్షన్ 9 వేటను నిషేధిస్తుంది. చంపడమే కాదు, ఉచ్చు వేయడం, విషం పెట్టడం, పట్టుకోవడం, అందుకు ప్రయత్నించడం కూడా వేటే. ఉదాహరణకు, 2020లో రాజేంద్రనగర్ ప్రాంతంలో తిరిగిన చిరుతను అటవీశాఖ బోను పెట్టి పట్టుకుంది. అధికారులకు సైతం ఇటువంటి పనికి సెక్షన్ 11 ప్రకారం అనుమతి అవసరం.

2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. నెమలి, ఉడుము వంటి 1వ షెడ్యూలు ప్రాణులను వేటాడితే కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్ల జైలు, జరిమానా ఉంటాయి. ఈ నేరాలలో రాజీకి వీలు లేదు. చుక్కల దుప్పి, అడవి పంది 2వ షెడ్యూలులో ఉన్నాయి. కనీస జైలు శిక్ష లేని నేరాలలో అధికారి 5 లక్షల రూపాయలకు మించకుండా సొమ్ము తీసుకుని కేసును రాజీ చేయవచ్చు.

ప్రాధాన్యత ఎందుకు?

సిబ్బంది, సమయం పరిమితం. క్రమం ముందుగా నిర్ణయించుకోకపోతే తేలికగా దొరికిన కేసే మొదటి కేసు అవుతుంది. 2024 ఆగస్టులో రాజన్న సిరిసిల్ల జిల్లాలో నెమలి కూర వండినట్లు వీడియో పెట్టిన ఒక యూట్యూబర్‌పై కేసు నమోదైంది. ఆ కేసు పెట్టడం సరైనదే. కానీ రాత్రిపూట కరెంటు తీగలు పరిచి మాంసం అమ్మేవారు వీడియోలు పెట్టరు. అందువల్ల కింది క్రమం సమంజసం:

1. మనుషుల ప్రాణాలకూ ముప్పు తెచ్చే కరెంటు తీగలు, విషం.
2. మాంసం, చర్మం వ్యాపారం. వేటగాడితో పాటు కొనేవారు, పెట్టుబడి పెట్టేవారు.
3. అరుదైన ప్రాణుల వేట, అది ఒక్కసారే జరిగినా.
4. పంట కాపాడుకోవడానికో, కూటి కోసమో జరిగిన చిన్న ఘటనలు.

నాలుగో అంశాన్ని వదిలేయాలని దీని అర్థం కాదు. అక్కడ పంట నష్టపరిహారం, సెక్షన్ 11 కింద అనుమతి సకాలంలో అందితే నేరమే తగ్గుతుంది.

న్యాయం అంటే ఏమిటి?

మొదటిది, హోదాను బట్టి చట్టం మారకూడదు. 1998లో జోధ్‌పూర్ దగ్గర జరిగిన కృష్ణజింకల వేట కేసులో నటుడు సల్మాన్ ఖాన్‌కు కింది కోర్టు శిక్ష వేసింది 2018లో. ఆయన దానిపై అప్పీలు చేశారు. పేదవాడు బెయిలు దొరకక జైల్లో ఉంటే, పలుకుబడి ఉన్నవారి కేసు 20 ఏళ్లు నడవడం సమానత్వం కాదు.

రెండవది, ఒకే మొత్తం అందరికీ ఒకే శిక్ష కాదు. 50 వేల రూపాయలు ఐటీ కారిడార్‌లో ఒకరికి వారాంతపు ఖర్చు కావచ్చు. కూలీకి అది నెలల సంపాదన. రాజీ సొమ్ము నిర్ణయించేటప్పుడు ఈ తేడాను గుర్తించాలి.

మూడవది, చరిత్ర. నేటి మహావీర్ హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేట స్థలం. పాలకులకు వేట వినోదం. నల్లమల చెంచులకు అది జీవనం. అటవీ హక్కుల చట్టం, 2006 కూడా సంప్రదాయ హక్కులను గుర్తిస్తూనే వేట హక్కును స్పష్టంగా మినహాయించింది. నిషేధం ఇద్దరికీ ఒకటే అయినా, దాని వల్ల తిండి పోయింది ఒక్కరికే. కాబట్టి ప్రత్యామ్నాయ జీవనోపాధి చూపడం కూడా అమలులో భాగమే.

సారాంశం

చట్టం అందరికీ వర్తించాలి. శ్రమ మాత్రం ఎక్కువ హాని ఉన్నచోటికి ముందు వెళ్లాలి. దొరకడం తేలికైన వ్యక్తి కాదు, జరిగిన హాని ప్రాధాన్యతను నిర్ణయించాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. చట్టం ప్రకారం 'వేట' కిందకు వచ్చే పనులు ఏవి?
2. మీ ప్రాంతంలో పంట నష్టపోయిన రైతు అడవి పందికి ఉచ్చు వేశాడు. ఒక ఫామ్‌హౌస్ యజమాని విందుకు దుప్పి మాంసం కొన్నాడు. ముందుగా ఏ కేసును చేపడతారు? కారణాలు రాయండి.