నల్గొండ భూగర్భజలాల్లో ఫ్లోరైడ్: మారుతున్న శిలారంధ్రాల్లో ప్రవాహ–రసాయన నమూనా

1. ఉపోద్ఘాతం

నల్గొండ జిల్లా పెద్దవూర పరిసరాలు ప్రధానంగా గ్రానైటు ప్రాంతం. నాగార్జునసాగర్ సమీపంలోనే ఉన్నా, కాలువ నీరు అందని పొలాలకు బోరుబావులే ఆధారం. ఈ నీటి నాణ్యతను గ్రానైటులోని ఫ్లోరైట్, బయోటైట్, అపటైట్ ఖనిజాలు ప్రభావితం చేస్తాయి. తాగునీటిలో లీటరుకు 1.0 మిల్లీగ్రాముకు మించి ఫ్లోరైడ్ ఉండరాదని, ప్రత్యామ్నాయం లేనప్పుడు 1.5 వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణం నిర్దేశిస్తుంది.

2. రసాయన చర్య

సాగునీరు ఆవిరయ్యే కొద్దీ మిగిలిన నీటిలో లవణాలు చిక్కబడతాయి. అప్పుడు కాల్షియం, బైకార్బొనేటుతో కలిసి కాల్సైటుగా పేరుకుంటుంది. నేలలో కనిపించే సున్నపు గడ్డలు ఇటువంటివే. నీటిలో కాల్షియం తగ్గితే ఫ్లోరైట్ మరింత కరుగుతుంది. ఫ్లోరైట్ సమతాస్థితి ప్రకారం కాల్షియం సాంద్రత నాలుగో వంతుకు పడిపోతే, ఫ్లోరైడ్ సాంద్రత రెట్టింపు కాగలదు.

3. ప్రవాహం

అదే కాల్సైటు రంధ్రాలను పూడుస్తుంది. శిథిలశిలలో సచ్ఛిద్రత, అంటే మొత్తం ఘనపరిమాణంలో రంధ్రాల వాటా, 0.30 నుంచి 0.24కు తగ్గితే, కోజెనీ–కార్మన్ సమీకరణం ప్రకారం పారగమ్యత సుమారు 57 శాతం తగ్గుతుంది. దిగువ గ్రానైటు పగుళ్లలో ప్రభావం ఇంకా తీవ్రం. పగులు వెడల్పు సగమైతే, అదే వాలులో ప్రవాహం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. నీరు నెమ్మదించిన చోట శిలతో దాని సంపర్కకాలం పెరుగుతుంది. చర్య ప్రవాహాన్ని మారుస్తుంది, మారిన ప్రవాహం చర్యను మారుస్తుంది.

4. నమూనా నిర్మాణం

ప్రతి కాలసోపానంలో ముందు డార్సీ నియమంతో ప్రవాహాన్ని, తరువాత అయాన్ల రవాణాను, ఆపై ఖనిజ చర్యలను గణిస్తారు. ఖనిజ పరిమాణంలోని మార్పుతో సచ్ఛిద్రతను, పారగమ్యతను సవరించి తరువాతి సోపానానికి వెళతారు. ఫ్రీక్ వంటి సాఫ్ట్‌వేర్ రసాయన భాగాన్ని గణిస్తుంది; టఫ్‌రియాక్ట్ ప్రవాహాన్ని, చర్యను కలిపి పరిష్కరిస్తుంది. సోపానం మరీ పెద్దదైతే, రంధ్రం పూడిన తరువాత కూడా పాత వేగంతోనే నీరు పారుతున్నట్లు ఫలితం వస్తుంది.

5. ముగింపు

చెక్‌డ్యాములు, ఇంకుడు గుంతల నీరు ఫ్లోరైడును పలుచన చేస్తుందన్న అంచనా, ఆ నీరు బావి వరకు చేరగలదన్న భావనపై ఆధారపడుతుంది. సచ్ఛిద్రతను స్థిరంగా తీసుకున్న నమూనా, పూడిన మార్గాల్లోనూ ఆ నీటిని చేరవేస్తుంది. ఫలితంగా సురక్షితమని గుర్తించిన బావి సురక్షితం కాకపోవచ్చు. కాబట్టి నీటి విశ్లేషణతో పాటు శిథిలశిల నమూనాల్లో కాల్సైటు పరిమాణం, పంపింగ్ పరీక్షల్లో పారగమ్యత కాలక్రమంలో కొలిచినప్పుడే, ఇటువంటి నమూనా ఫలితాలు తాగునీటి నిర్ణయాలకు ఆధారం కాగలవు.