ఎబోలాను గుమ్మం దగ్గరే పట్టుకోవాలి

1976లో కాంగో అడవుల పక్కన యంబుకు అనే ఊళ్లోని మిషన్ ఆసుపత్రిలో నర్సులకు రోజూ పొద్దున అయిదు సిరంజిలు ఇచ్చేవారు. ఓపీకి వచ్చినవాళ్లకూ, వార్డులో ఉన్నవాళ్లకూ, గర్భిణులకూ అవే. ఒకరికి పొడిచాక గోరువెచ్చటి నీళ్లలో ఆడించి మరొకరికి వాడేవారు. అప్పటికింకా పేరు పెట్టని ఎబోలా ఆ సూదులతో ఊళ్లకు పాకింది. 318 మందికి సోకి 280 మంది చనిపోయారు. ఆసుపత్రి సిబ్బంది 17 మందిలో 11 మంది పోవడంతో దాన్ని మూసేశారు.

ఎబోలా జలుబులా పక్కన కూర్చున్నంత మాత్రాన అంటుకునేది కాదు. రోగి రక్తం, వాంతి, విరేచనం మన కంటికో నోటికో ముక్కుకో చర్మం మీది గాయానికో తగిలితే సోకుతుంది. మృతదేహాన్ని తాకినా అంతే. సోకాక 2 నుంచి 21 రోజుల్లో లక్షణాలు కనబడతాయి, అవి కనబడేదాకా ఆ మనిషి నుంచి ఇంకొకరికి రాదు. జబ్బు ముదిరేకొద్దీ ఒంట్లో వైరస్ పెరుగుతుంది. అందుకే బస్సులో తోటి ప్రయాణికుడి కన్నా, వాంతి తుడిచే ఆయాకూ, సెలైన్ పెట్టే నర్సుకూ ముప్పు ఎక్కువ.

చిక్కేమిటంటే, మొదట వచ్చేది జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు. మలేరియాకూ టైఫాయిడ్‌కూ అవే లక్షణాలు. ఎబోలా అనగానే నెత్తురు కారడమే గుర్తుకొస్తుంది గానీ, చాలామంది రోగుల్లో అది కనిపించదు. కాబట్టి జబ్బు తిరుగుతున్న ప్రాంతంలో ఆసుపత్రి గుమ్మం దగ్గరే జ్వరం చూడాలి. ఎక్కడి నుంచి వచ్చారు, ఎవరికి సేవ చేశారు, ఏ అంత్యక్రియలకు వెళ్లారు అని అడగాలి. అనుమానం వస్తే విడి గది, విడి మరుగుదొడ్డి ఇవ్వాలి. లక్షణాలు మొదలైన మూడు రోజుల్లోపు చేసిన పరీక్షలో ఏమీ లేదని వచ్చినా నమ్మేయకుండా మళ్లీ చేయాలి.

2014 జులైలో లేగోస్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి లైబీరియా నుంచి వచ్చిన రోగిని మొదట మలేరియాగానే చూశారు. డాక్టర్ అమెయో స్టెల్లా అడడెవో అనుమానించి అతణ్ని విడిగా ఉంచారు. డిశ్చార్జి చేయమని ఒత్తిడి వచ్చినా ఒప్పుకోలేదు. దాదాపు 900 మందిని వెతికి గమనించి, నైజీరియా 20 కేసులు, 8 మరణాలతో జబ్బును ఆపగలిగింది. ఆ ఎనిమిది మందిలో ఆమె ఒకరు. ఇలాంటివాళ్లకు సరిపడా గ్లవ్స్ ఇవ్వకుండా త్యాగాన్ని పొగడటం అన్యాయమని నా గట్టి నమ్మకం.

రక్షణ దుస్తులు తొడుక్కోవడం కన్నా విప్పడం ప్రమాదం. ఎండలో ఆ సూటు లోపల చెమట కారిపోతుంది, కళ్లద్దాలు మసకబారతాయి, మనిషి అలసిపోతాడు. మురికి గ్లవ్స్‌తో ఒక్కసారి ముఖం తుడుచుకుంటే చాలు. అందుకే పక్కన ఒకరు నిలబడి ఒక్కో మెట్టూ చెబుతుంటే నెమ్మదిగా విప్పాలి, ఒక్కొక్కటి విప్పినప్పుడల్లా చేతులు శుభ్రం చేసుకోవాలి. మనుషుల మీద క్లోరిన్ చల్లడం వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు చెబుతోంది. నేల మీద పడ్డ రక్తాన్ని ముందు తుడిచి, ఆ తర్వాత 0.5 శాతం క్లోరిన్ నీళ్లు వాడాలి. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకుండా గట్టి డబ్బాలో వేయాలి.

ఒకప్పుడు ఎబోలా వార్డంటే చావడానికి పంపే చోటని భయపడి ఇళ్లలో రోగులను దాచేవారు. ఇప్పుడు పరిస్థితి మారింది. వాంతులు, విరేచనాలతో పోయిన నీటినీ లవణాలనూ శ్రద్ధగా భర్తీ చేస్తే బతికే అవకాశం పెరుగుతుంది. 2018–19లో కాంగోలో జరిగిన పరీక్షలో రెండు యాంటీబాడీ మందులు బాగా పనిచేశాయి. ఒంట్లో వైరస్ తక్కువగా ఉన్నవాళ్లలో, ఆ మందులు అందాక చనిపోయింది పదిమందిలో ఒకరే. అయితే ఎబోలాలో రకాలున్నాయి. ఆ మందులకు ఆమోదం ఉన్నది జైర్ అనే రకానికే, ఎర్వెబో టీకా కూడా దానికే. కానీ 2025 జనవరిలో ఉగాండాలోని కంపాలాలో ఒక నర్సు ప్రాణం తీసింది సూడాన్ అనే మరో రకం.

ఆఫ్రికాలో ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్లు ఉన్నారు. ఎబోలా తిరుగుతున్న చోటు నుంచి వచ్చిన 21 రోజుల్లోపు జ్వరం తగిలితే నేరుగా క్లినిక్‌కు వెళ్లి వరుసలో కూర్చోవద్దు. ముందు ఫోన్ చేసి, ఎక్కడి నుంచి వచ్చిందీ చెప్పి, వాళ్లు సిద్ధమయ్యాకే బయల్దేరాలి.