భీముడూ ఆయనే, దుర్యోధనుడూ ఆయనే!

1977 సంక్రాంతికి మన సినిమా హాళ్ళలో ఒక వింత జరిగింది. ఒకే రోజున, అంటే జనవరి 14న, రెండు భారతాలు విడుదలయ్యాయి. ఒకటి ఎన్టీఆర్ తీసిన 'దానవీరశూరకర్ణ'. రెండోది కృష్ణ, శోభన్‌బాబు నటించిన 'కురుక్షేత్రం'. మొదటి దాంట్లో భీముడెవరూ అంటే కైకాల సత్యనారాయణ. రెండో దాంట్లో దుర్యోధనుడెవరూ అంటే... మళ్ళీ కైకాల సత్యనారాయణే! ఒక హాల్లో దుర్యోధనుడి మీదికి గద ఎత్తినాయన పక్క హాల్లో తనే దుర్యోధనుడై కూర్చున్నాడన్నమాట. అయినా రెండు వేషాలూ ఆయనకి అతికినట్టే సరిపోయాయి. క్యారెక్టర్ నటుడంటే ఎవరని పిల్లలు అడిగితే ఈ ఒక్క సంగతి చెబితే చాలు.

ఆయన మన కృష్ణా జిల్లా మనిషే. గుడివాడ దగ్గర కవుతరంలో 1935 జూలై 25న పుట్టారు. ఇంటర్మీడియట్ విజయవాడలో, డిగ్రీ గుడివాడ కాలేజీలో చదివారు. ఆ చుట్టుపక్కల ఊళ్ళ సంగతి మీకు తెలియనిదా? నిమ్మకూరు నుంచి ఎన్టీఆర్, రామాపురం నుంచి అక్కినేని, చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల... వరితో పాటు కళాకారులూ పండిన నేల అది. ఆ గాలే ఈయనకీ సోకింది. నాటకాలు వేసి వేసి, ఆ మోజుతోనే మద్రాసు చేరారు.

వెళ్ళగానే హీరో అయ్యారంటే నమ్ముతారా? 'దేవదాసు' తీసిన నిర్మాత డి.ఎల్.నారాయణ 1959లో 'సిపాయి కూతురు' తీస్తూ జమున పక్కన ఈయన్ని హీరోగా పెట్టారు. కొత్త కుర్రాడికి అంతకన్నా ఏం కావాలి! కానీ సినిమా ఆడలేదు. ఇక్కడ ఇంకో చిక్కు కూడా ఉంది. ఈయన రూపం ఎన్టీఆర్‌ని పోలి ఉండేది. ఎవరైనా అదృష్టమే అనుకుంటారు. కానీ అసలాయన ఉండగా ఆయన పోలికతో ఇంకో హీరో ఎవరికి కావాలి చెప్పండి? ఆ పోలిక పనికొచ్చిందల్లా ఎన్టీఆర్ రెండు పాత్రలు వేసే సినిమాల్లో డూప్‌గా నిలబడడానికి! డూప్ అంటే మొహం కనబడకూడదు. హీరో కావాలని వచ్చిన మనిషికి అది ఎంత కష్టంగా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

అప్పుడు జానపద చిత్రాల విఠలాచార్య ఒక దారి చూపించారు. 1960లో 'కనకదుర్గ పూజామహిమ'లో విలన్ వేషం ఇచ్చారు. విలన్‌గా ముద్ర పడ్డాక మళ్ళీ హీరో కావడం ఆ రోజుల్లో అయ్యే పని కాదు. ఆ ఏడాదే పెళ్ళి కూడా అయింది. చేతిలో డిగ్రీ ఉంది, వెనక్కి వచ్చేసి ఏ ఉద్యోగమో చూసుకోవచ్చు. కానీ ఆయన రాలేదు. హీరో తలుపు మూసుకుపోతే, తెరిచి ఉన్న తలుపులోంచే లోపలికి వెళ్ళారు. వెళ్ళి అరవై ఏళ్ళు ఉన్నారు!

విలన్‌గా ఆయన పెట్టిన బాధలకి ఆ రోజుల్లో ఆడవాళ్ళు హాల్లోనే మెటికలు విరిచి ఉంటారు. అలాంటి మనిషిని 1973లో కె.విశ్వనాథ్ 'శారద'లో అన్నయ్యగా చూపించారు. చెల్లెలి కోసం తల్లడిల్లే అన్న! నిన్నటిదాకా తిట్టుకున్న మొహాన్ని చూసే కళ్ళు తుడుచుకున్నాం. 'తాత మనవడు'లో ఎస్వీ రంగారావుకి కొడుకు ఈయనే. కన్నవాళ్ళని పట్టించుకోని కొడుకు. ఇద్దరికీ ఇంకో చుట్టరికం కూడా ఉంది. నూజివీడులో పుట్టిన రంగారావు 'మాయాబజార్'లో ఘటోత్కచుడైతే, ఈయన 1966లో 'శ్రీకృష్ణ పాండవీయం'లో అదే వేషం కట్టారు. మళ్ళీ అరవయ్యో ఏట, 1995లో 'ఘటోత్కచుడు' సినిమాలో పిల్లలతో ఆడుకున్నారు.

ఇక యముడి సంగతి. 1977లో 'యమగోల'లో ఎన్టీఆర్, 1988లో 'యముడికి మొగుడు'లో చిరంజీవి, 1994లో 'యమలీల'లో ఆలీ. హీరోలు మారారు, యముడు మాత్రం మారలేదు! అసలు యముడి పేరెత్తితేనే మనం ఉలిక్కిపడతాం. అలాంటి యముణ్ణి చూసి ఇంటిల్లిపాదీ నవ్వారంటే అది ఆయన చలవే. గర్జించాలి, మళ్ళీ ఆ గర్జనలోనే అమాయకత్వం కనబడాలి. ఒక పాలు ఎక్కువైనా వేషం చెడుతుంది, పులుసులో ఉప్పులాగా.

1996లో మచిలీపట్నం నుంచి పార్లమెంటుకి ఎన్నికయ్యారు. 1998లో ఓడాక మళ్ళీ తనకి తెలిసిన పనికే వచ్చేశారు. మొత్తం ఏడువందల యాభైకి పైగా సినిమాలు! జనం 'నవరస నటసార్వభౌమ' అన్నారు. 2011లో రఘుపతి వెంకయ్య అవార్డు వచ్చింది. పద్మ పురస్కారం మాత్రం రాలేదు. 2022 డిసెంబర్ 23న హైదరాబాదులో ఎనభై ఏడేళ్ళ వయసులో కన్నుమూశారు.

వాల్‌పోస్టరు మీద పెద్ద బొమ్మ హీరోది. ఇంటి గుమ్మం మీద పేరు యజమానిది. ఆ రెండింటి వెనకా ఇల్లు నడిపేవాళ్ళు వేరే ఉంటారని మనకి ఒకరు చెప్పాలా? ఈసారి మధ్యాహ్నం పనయ్యాక టీవీలో పాత సినిమా ఏదైనా వస్తే, ఒక్కసారి హీరో మీంచి చూపు తిప్పి పక్కన నిలబడ్డ సత్యనారాయణని చూడండి. డైలాగు లేనప్పుడు కూడా ఆయన కళ్ళు వింటూనే ఉంటాయి.