గ్రాఫిక్స్ కార్డును ఎన్నుకొనుట ఎట్లు?

కంప్యూటరు తెరమీద కనిపించు బొమ్మ అతి సూక్ష్మములైన బిందువుల సముదాయము. అడ్డముగా 1920, నిలువుగా 1080 బిందువులు గల తెరపై మొత్తము 20,73,600 బిందువులుండును. సెకనుకు 60 బొమ్మలు చూపవలెనన్న, సెకనుకు 12 కోట్ల 44 లక్షల బిందువుల రంగును నిర్ణయింపవలెను.

కంప్యూటరులోని ప్రధాన ప్రాసెసరుకు కోర్‌లు కొద్ది. క్లిష్టమైన పనులను వరుసగా, వేగముగా చేయుట దాని లక్షణము. బిందువుల లెక్కలు అట్టివి కావు. ఒక్కొక్కటి చిన్నది, అన్నియు ఒకే తీరువి, చాలవరకు ఒకదానికై మరియొకటి ఆగనక్కరలేదు. కావున వందలకొలది చిన్న కోర్‌లు వానిని ఏకకాలమున పంచుకొనవచ్చును. ఈ పనికై ఏర్పడినదే గ్రాఫిక్స్ కార్డు.

కార్డును కొనువారు సాధారణముగా దాని పేరును, మెమరీ ఎన్ని గిగాబైట్లు అనుదానిని చూచెదరు. ఇది చాలదు. మెమరీ ధాన్యపు గాదె వంటిది. కోర్‌లు రోకళ్ళ వంటివి. గాదె ఎంత పెద్దదైనను, రోకళ్ళు ఎన్ని ఉన్నను, వడ్లు వేళకు అందనిచో దంపుడు సాగదు. వడ్లు అందు వేగమునే బ్యాండ్‌విడ్త్ అందురు.

ఒక ఉదాహరణము చూతము. ఎన్‌విడియా సంస్థ 2017లో జీటీ 1030 అను కార్డును విడుదల చేసెను. 2018లో అదే పేరుతో మరియొక రకము వచ్చెను. రెంటికిని 384 కోర్‌లే. మెమరీ 2 గిగాబైట్లే. మెమరీ దారి వెడల్పు 64 బిట్లే, అనగా 8 బైట్లు. కాని మొదటి దానిలోని జీడీడీఆర్5 మెమరీ ఒక్కొక్క దారిపై సెకనుకు 6 గిగాబిట్లను పంపును. రెండవ దానిలోని డీడీఆర్4 మెమరీ 2.1 గిగాబిట్లను మాత్రమే పంపును. గుణించి చూడుడు:

మొదటిది: 8 × 6 = 48 గిగాబైట్లు
రెండవది: 8 × 2.1 = 16.8 గిగాబైట్లు

పేరు ఒక్కటే, వేగము మూడవ వంతునకు పడిపోయినది! పెట్టెపైనున్న పేరును మాత్రమే చూచి కొన్నవాడు ఈ సంగతిని ఎట్లు గ్రహించగలడు?

కొనుటకు ముందు పని ఏదో నిశ్చయించుకొనవలెను. ఉత్తరములు వ్రాయుటకు, మార్కుల పట్టికలు తయారుచేయుటకు, పాఠముల వీడియోలు చూచుటకు ప్రాసెసరులోనే అమర్చియున్న గ్రాఫిక్స్ చాలును. అట్టిది ఉన్నచో వేరుగా కార్డు కొనుట వృథా వ్యయము. త్రిపరిమాణ చిత్రములు, ఆటలు, వీడియో కూర్పు మొదలగు వానికి కార్డు ఉపయోగపడును. వేర్వేరు సంస్థల కార్డులను కోర్‌ల సంఖ్యను బట్టి పోల్చరాదు. వాని నిర్మాణము భిన్నము. మనకు కావలసిన పనిలోనే రెంటిని పరీక్షించి చూచిన ఫలితములే ప్రమాణము. విద్యుత్తు సంగతియు మరువరాదు. ఆర్‌టీఎక్స్ 3060 కార్డు ఒక్కటే 170 వాట్ల వరకు తీసికొనును. కంప్యూటరులోని పవర్ సప్లై అందుకు తగినదై యుండవలెను.

విద్యార్థులకు ఒక లెక్క: ఈ ఆర్‌టీఎక్స్ 3060 కూడ ఒకే పేరుతో రెండు రకములుగా వచ్చినది. 12 గిగాబైట్ల దానికి దారి 192 బిట్లు. 8 గిగాబైట్ల దానికి 128 బిట్లు. రెంటను ఒక్కొక్క దారి వేగము 15 గిగాబిట్లు. వాని బ్యాండ్‌విడ్త్ ఎంత?

(జవాబు: 360, 240 గిగాబైట్లు, సెకనుకు.)