లోహ ఆక్సైడ్ అంటే క్షారమేనా?



లోహ ఆక్సైడ్ల స్వభావం ఏమిటని పదో తరగతి విద్యార్థిని అడగండి. 'క్షార స్వభావం' అని వెంటనే జవాబొస్తుంది. అలోహ ఆక్సైడ్లయితే 'ఆమ్ల స్వభావం'. ఆ తరగతికి ఇది సరైన సూత్రమే. కానీ ఇంటర్‌లో దీన్నొక్కదాన్నే నమ్ముకుంటే మార్కులు పోతాయి. కారణం, క్రోమియం లాంటి లోహాలు.

ఒకే లోహం, మూడు స్వభావాలు

• క్రోమియం మోనాక్సైడ్ (ఆక్సీకరణ స్థితి +2): క్షార ఆక్సైడ్.
• క్రోమిక్ ఆక్సైడ్ (+3): ద్విస్వభావ ఆక్సైడ్. రంగుల్లో వాడే ఆకుపచ్చ పొడి ఇదే.
• క్రోమియం ట్రైఆక్సైడ్ (+6): ఆమ్ల ఆక్సైడ్. ముదురు ఎరుపు స్ఫటికాలు. నీటిలో కరిగితే క్రోమిక్ ఆమ్లం వస్తుంది.

ఆక్సీకరణ స్థితి పెరిగేకొద్దీ క్రోమియం ఎలక్ట్రాన్లను తనవైపు గట్టిగా లాక్కుంటుంది. బంధంలో సమయోజనీయ స్వభావం పెరుగుతుంది. దాంతో లోహ ఆక్సైడే అయినా అలోహ ఆక్సైడ్‌లా ప్రవర్తిస్తుంది.

క్రోమియం ట్రైఆక్సైడ్‌ను క్షారంతో కలిపితే పసుపు రంగు క్రోమేట్ వస్తుంది. దానికి ఆమ్లం చేరిస్తే నారింజ రంగు డైక్రోమేట్ అవుతుంది. క్షారం పోస్తే మళ్లీ పసుపే.

మన సారపాకకు ఏం సంబంధం?

మన ఊరంటే పేపర్ మిల్లు గుర్తొస్తుంది. కాగితం తయారీలో వచ్చే వ్యర్థజలానికి చేసే ముఖ్యమైన పరీక్ష సీఓడీ. నీటి నమూనాను పొటాషియం డైక్రోమేట్, సల్ఫ్యూరిక్ ఆమ్లాలతో రెండు గంటలు మరిగిస్తారు. నీటిలోని సేంద్రియ మలినాలను ఆక్సీకరణం చేస్తూ +6 క్రోమియం +3గా మారుతుంది. నారింజ రంగు ఆకుపచ్చకు తిరుగుతుంది. ఎంత డైక్రోమేట్ ఖర్చయిందో లెక్కగట్టి, నీరు ఎంత కలుషితమైందో చెబుతారు.

ఇంట్లో చేసి చూడండి

పసుపు నీళ్లలో కాస్త సున్నపు తేట కలపండి. పారాణిలా ఎర్రబడుతుంది. అందులో సాదా సోడా కొద్దికొద్దిగా పోయండి. సోడాలోని కార్బన్ డయాక్సైడ్ ఆమ్ల ఆక్సైడ్ కాబట్టి సున్నాన్ని తటస్థీకరిస్తుంది, పసుపు రంగు తిరిగొస్తుంది. సున్నం కళ్లలో పడకుండా పెద్దలు దగ్గరుండాలి.

జాగ్రత్త

క్రోమేట్, డైక్రోమేట్‌లతో ఇంట్లో ప్రయోగాలు వద్దు. +6 క్రోమియం విషపూరితం, క్యాన్సర్ కారకం. ల్యాబ్‌లోనూ చేత్తో తాకకూడదు, సింకులో పారబోయకూడదు.

ఈసారి మీ పిల్లలను 'ఆ ఆక్సైడ్‌లో లోహం ఆక్సీకరణ స్థితి ఎంత?' అని కూడా అడగండి. అది లెక్కగట్టే అలవాటుంటే, సూత్రం ఎక్కడ పనిచేయదో వాళ్లే పట్టుకుంటారు.