క్యాథలిక్ కాన్వెంట్‌లో ఎల్‌కేజీ ఏడాది: ఆదోని, ఎమ్మిగనూరు ముస్లిం కుటుంబాలు ముందే తెలుసుకోవాల్సినవి

సంక్రాంతి దాటిందంటే చాలు, ఆదోని, ఎమ్మిగనూరు ఇళ్లలో ఒకటే చర్చ. పాపను కాన్వెంట్‌లో వేద్దామా, వద్దా? తండ్రి ఫీజు లెక్కలు వేస్తుంటాడు. దాదీ బెంగ వేరు: "అక్కడ వాళ్ల దువా చదివిస్తారంట కదా" అని. తల్లి ఆశ మరొకటి: ఏడాది తిరిగేసరికి బిడ్డ గలగలా ఇంగ్లీషు మాట్లాడాలి.

ఆ బెంగలో కొంత నిజం ఉంది, కొంత లేదు. ఆశ సంగతి కూడా అంతే. సిస్టర్ల బడిలో ఎల్‌కేజీ ఏడాది ఎలా గడుస్తుందో, ఎక్కడ ఏం అడగాలో ముందే తెలిస్తే డిసెంబర్‌లో గొడవ పడే పని ఉండదు, మార్చిలో నిరాశ పడే పని ఉండదు.

ముందు అది క్యాథలిక్ బడేనా?

మన ఊళ్లలో ఇంగ్లీష్ మీడియం బడి అంటే చాలు, అందరికీ కాన్వెంటే. బోర్డు మీద 'సెయింట్' అని ఉన్నంత మాత్రాన అది చర్చి నడిపే బడి కాదు. అలాంటి పేర్లతో ప్రైవేటు యాజమాన్యాల బడులు చాలానే ఉన్నాయి. నిజమైన క్యాథలిక్ బడిని మేత్రాసనం, అంటే బిషప్ పరిధిలోని చర్చి వ్యవస్థ గానీ, సిస్టర్ల సంఘం గానీ నడుపుతుంది. 1967లో ఏర్పడిన కర్నూలు మేత్రాసనం పరిధిలోకే ఆదోని, ఎమ్మిగనూరు వస్తాయి. పాత తెలుగు మీడియం బడుల బోర్డుల మీద కనిపించే 'ఆర్.సి.ఎం.' అంటే రోమన్ క్యాథలిక్ మిషన్.

ఈ తేడా ఎందుకంటే, క్యాథలిక్ బడికి పైన జవాబు చెప్పే వ్యవస్థ ఒకటి ఉంటుంది. హెడ్‌మిస్ట్రెస్ దగ్గర మాట తెగకపోతే కరస్పాండెంట్ ఫాదర్ ఉంటారు. ఆయన పైన మేత్రాసనం ఉంటుంది. కాబట్టి అప్లికేషన్ ఫారం తీసుకునేటప్పుడే "ఈ బడిని ఎవరు నడుపుతున్నారు?" అని అడగాలి.

చేర్పించేటప్పుడు: పేరు, కులం, ఫీజు

ఎల్‌కేజీకి ఎన్నేళ్లు నిండాలో బడిని బట్టి కొంత మారుతుంది. 2020 జాతీయ విద్యావిధానం ఒకటో తరగతికి ఆరేళ్లు ఉండాలంటోంది. ఆ లెక్కన వెనక్కి చూసుకుని, బిడ్డను తొందరపడి చేర్చకుండా ఉంటేనే మేలు. మూడేళ్లు నిండీ నిండకుండా కూర్చోబెట్టిన పిల్లలు మొదట్లో బాగా ఇబ్బంది పడతారు.

బర్త్ సర్టిఫికెట్‌లో, ఆధార్‌లో, ఫారంలో పేరు ఒకే స్పెల్లింగ్‌తో ఉందో లేదో చూసుకోవాలి. ఒకచోట షేక్ ముందు, ఇంకోచోట వెనక. ఒకచోట మహమ్మద్, ఇంకోచోట ఎం.డి. ఇలా రాయించిన పేరే పదో తరగతి మార్కుల జాబితా దాకా వెంట వస్తుంది. అప్పుడు దిద్దించాలంటే ఎంత తిరగాలో పడ్డవాళ్లకే తెలుసు. కులం గడిలో 'ముస్లిం' అని రాసి వదిలేయకూడదు. 2007 చట్టం ప్రకారం షేక్‌లు బీసీ-ఈ కిందికి వస్తారు. దూదేకులవారు బీసీ-బి. సయ్యద్, పఠాన్, మొఘల్ వంటివారు బీసీ-ఈలో లేరు. సర్టిఫికెట్‌లో ఏది ఉంటే అదే రాయించాలి.

ట్యూషన్ ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, వ్యాన్ వేర్వేరు ఖర్చులు. అడిగేటప్పుడు నాలుగూ కలిపి ఏడాదికి ఎంతో అడగాలి, కట్టిన ప్రతి పైసాకూ రసీదు తీసుకోవాలి. ఆదోనిలో పత్తి మీద ఆధారపడిన కుటుంబాలకు చేతిలో డబ్బు ఆడేది అక్టోబర్ తర్వాతే, బడి మొదలయ్యేదేమో జూన్‌లో. కంతులు ఎప్పుడెప్పుడు కడతారో చేర్పించే రోజే చెప్పి ఒప్పించుకోవడం నయం. విద్యాహక్కు చట్టం కింద 25 శాతం ఉచిత సీట్లు ఈ బడుల్లో దొరుకుతాయని ఆశ పెట్టుకోకూడదు. ఆ చట్టం మైనారిటీ విద్యాసంస్థలకు వర్తించదని 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రాష్ట్ర ప్రభుత్వం 2025లో మొదలుపెట్టిన 'తల్లికి వందనం' ఒకటో తరగతి నుంచే, ఎల్‌కేజీ, యూకేజీలకు రాదు.

మొదటి మూడు నెలలు: ఏడుపు, అలవాట్లు, భాష

జూన్, జూలైలో బడి చేసే పెద్ద పని చదువు చెప్పడం కాదు, పిల్లల ఏడుపు మాన్పించడం. వరుసలో నిలబడడం, చెప్పులు విప్పి జతగా పెట్టడం, డబ్బా మూత తామే తీసుకోవడం, బాత్రూం వస్తే చెప్పడం, ఇవే తొలి పాఠాలు. కాన్వెంట్ సిస్టర్లు వేళ విషయంలో, శుభ్రత విషయంలో గట్టిగా ఉంటారని పేరు. గోళ్లు పెరిగినా, చేతిరుమాలు లేకపోయినా డైరీలో రాసి పంపుతారు. దాన్ని అవమానంగా తీసుకోనక్కర్లేదు.

మన పిల్లలకు వచ్చే అసలు చిక్కు భాష. ఇంట్లో దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు, చుట్టాల ఇళ్లలో కన్నడం. 1953 దాకా ఆదోని ప్రాంతం బళ్లారి జిల్లాలోనే ఉండేది కాబట్టి మూడు భాషల మధ్య పెరగడం ఇక్కడ కొత్త కాదు. కానీ టీచరు ఇంగ్లీషులో చెప్పి, అర్థం కాకపోతే తెలుగులో చెబుతుంది. "పానీ హోనా" అంటే అందరు టీచర్లకూ అర్థం కాకపోవచ్చు. బడికి పంపే ముందే ఐదు మాటలు తెలుగులో నేర్పితే సగం ఏడుపు తగ్గుతుంది: నీళ్లు కావాలి, బాత్రూంకు పోవాలి, కడుపు నొస్తోంది, వాడు కొట్టినాడు, మా ఇంటికి ఫోన్ చేయండి.

ఏడాది చివరికి ఎల్‌కేజీ బిడ్డకు పది పదిహేను రైమ్స్, అక్షరాలు, అంకెలు, రంగులు, పండ్ల పేర్లు, "సిట్ డౌన్, స్టాండ్ అప్, మే ఐ కమ్ ఇన్" లాంటి చిన్న మాటలు వస్తే బాగా వచ్చినట్టే. ఇంగ్లీషులో మాట్లాడడం ఒక్క ఏడాదిలో రాదు. హోంవర్క్ ఇంకా ఇవ్వండని టీచర్ల మీద పడడం కంటే, చిన్న వేళ్లకు పట్టు వచ్చేలా ఇంట్లో పిండి ముద్దలతో ఆడించడం, చింతగింజలు ఏరించడం మేలు. రాత తర్వాత దానంతటదే వస్తుంది.

ప్రార్థన సంగతి

దాచుకోవాల్సిన పని లేదు, ప్రార్థన ఉంటుంది. ఉదయం అసెంబ్లీలో, చాలాచోట్ల అన్నం ముందు, ఇంటికి పంపే ముందు కూడా. క్యాథలిక్కులు నుదురు, రొమ్ము, రెండు భుజాలు తాకి సిలువ గుర్తు వేసుకుంటారు, పరలోక ప్రార్థన చెబుతారు. ఆవరణలో మరియమాత విగ్రహం ఉంటుంది. నాలుగేళ్ల బిడ్డ పక్కవాళ్లను చూసి అలాగే చేస్తుంది. ఒకరోజు రాత్రి దస్తర్‌ఖాన్ ముందు కూర్చుని సిలువ గుర్తు వేసిందంటే అది అఖీదా మారడం కాదు, అనుకరణే. కొట్టినా, అరిచినా బిడ్డకు భయం పడుతుందే తప్ప విషయం అర్థం కాదు. "అది వాళ్ల పద్ధతి బేటా, మనం బిస్మిల్లా అంటాం" అని చెప్పి, చేయి పట్టుకుని బిస్మిల్లా చెప్పిస్తే చాలు.

ఇక చట్టం. ప్రభుత్వ గుర్తింపు గానీ, నిధులు గానీ పొందిన ఏ విద్యాసంస్థా మైనర్ పిల్లలను వాళ్ల సంరక్షకుల సమ్మతి లేకుండా మతబోధకు, ఆరాధనకు రప్పించకూడదని రాజ్యాంగంలోని 28(3) అధికరణ చెబుతోంది. బడి నడుపుకునే హక్కును 30వ అధికరణ క్రైస్తవులకూ ఇచ్చింది, ముస్లింలకూ ఇచ్చింది. అంటే వాళ్ల ప్రార్థన వాళ్లు చేసుకోవచ్చు, మన బిడ్డ చేత బలవంతంగా చేయించకూడదు. నిశ్శబ్దంగా నిలబడడం కూడా అమర్యాద కాదు. 1986లో బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో సుప్రీంకోర్టు, తమ విశ్వాసం కారణంగా జాతీయగీతం పాడకుండా గౌరవంగా నిలబడిన పిల్లలను బడి నుంచి తీసేయడం తప్పని చెప్పింది. ఆ పిల్లలు కేరళకు చెందిన ఒక చిన్న క్రైస్తవ శాఖ వారే.

చర్చి తరఫు మాట కూడా ఇదే. భారత క్యాథలిక్ బిషప్‌ల సమాఖ్య 2024లో తన విద్యాసంస్థలకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఇతర మతాల విద్యార్థుల మీద క్రైస్తవ ఆచారాలు రుద్దవద్దని, ఉదయం అసెంబ్లీలో రాజ్యాంగ పీఠిక చదివించాలని వాటిలో ఉంది. బైబిల్ బోధ క్యాథలిక్ పిల్లలకు విడిగా ఉంటుంది, మిగతావారికి ఆ పీరియడ్‌లో నీతి కథలు చెప్పడం మామూలు. పూజలో ఇచ్చే దివ్యసత్ప్రసాదం క్యాథలిక్కులు కాని పిల్లలకు ఇవ్వరు. క్యాథలిక్ పిల్లలకే కొంత వయసు వచ్చాక గానీ అది అందదు. "తెలియకుండా ఏమైనా పెట్టేస్తారేమో" అన్న భయం అక్కర్లేదు.

చేయాల్సింది చిన్న పని. చేర్పించిన వారంలోనే ఒక తెల్లకాగితం మీద, "మా పాప ప్రార్థన వేళ మర్యాదగా నిలబడుతుంది. సిలువ గుర్తు వేయించవద్దు, పూజకు తీసుకుపోవద్దు" అని రాసి, ఒక కాపీ మీద సంతకం తీసుకోవాలి. మాటగా చెబితే వచ్చే ఏడాది టీచరు మారగానే మరుగున పడుతుంది.

డిసెంబర్ వచ్చినప్పుడు

ఏడాదిలో ఇంట్లో ఎక్కువ మాటలు నడిచేది ఈ నెలలోనే. బడిలో నక్షత్రం వేలాడుతుంది, పశువుల పాక బొమ్మ కడతారు. చిన్న పిల్లలకు దేవదూత రెక్కలు, గొర్రెల కాపరి వేషాలు వేస్తారు. హజ్రత్ ఈసా, బీబీ మర్యం మనకు పరాయివారు కారు. ఖుర్ఆన్‌లో 19వ సూరా పేరే మర్యం. అందులో జననం ఖర్జూర చెట్టు దగ్గర, వాళ్ల కథలో పశువుల పాకలో. అసలు తేడా ఇంకోచోట ఉంది: వాళ్లకు ఆయన దేవుని కుమారుడు, మనకు అల్లాహ్ ప్రవక్త. బిడ్డ అడిగితే ఈ ఒక్క వాక్యం చాలు.

నాటకంలో వేషం వేయించాలా వద్దా అన్నది కుటుంబం నిర్ణయించుకోవాల్సిన విషయం. కొందరు డ్యాన్స్‌కు, రైమ్‌కు సరే అంటారు, నాటకానికి వద్దంటారు. ఇంకొందరు ఆ రోజు సెలవు పెడతారు. సందేహం ఉంటే తమ ఆలిమ్‌ను అడగవచ్చు. ఏది అనుకున్నా నవంబర్‌లోనే టీచరుకు చెప్పాలి. రెక్కలు కుట్టించాక, పాట నేర్పాక వద్దంటే ఏడ్చేది బిడ్డే. క్రిస్మస్ కేక్, పుట్టినరోజు చాక్లెట్లు, పిక్నిక్ భోజనం గురించి కూడా ముందే ఒక మాట చెప్పి ఉంచితే టీచర్లు గుర్తుపెట్టుకుంటారు.

క్రైస్తవ మైనారిటీ బడుల్లో దసరా సెలవులు కొంచెం తక్కువ, క్రిస్మస్ సెలవులు కొంచెం ఎక్కువ ఉంటాయి. అన్నదమ్ముల పిల్లలు వేరే బడుల్లో ఉంటే ఊరి ప్రయాణాలు ఈ లెక్క చూసుకునే పెట్టుకోవాలి.

రంజాన్, ఈద్

రంజాన్ ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతుంది. ఈ మధ్య ఫిబ్రవరి, మార్చిలో వస్తోంది, సరిగ్గా బడి వార్షికోత్సవాలు జరిగే రోజుల్లో. సాయంత్రం ఆరు గంటలకు కార్యక్రమం పెడితే ఇఫ్తార్, మగ్రిబ్ రెండూ దాటిపోతాయి. నలుగురు ముస్లిం తల్లిదండ్రులు కలిసి జనవరిలోనే వెళ్లి అడిగితే, చిన్న పిల్లల అంశాలు ముందు పెట్టడం బడికి కష్టమైన పని కాదు. సహరీకి లేచిన ఇంట్లో బిడ్డ కూడా లేస్తుంది, క్లాసులో కునుకు తీస్తుంది. ఆ నెల మొదట్లోనే టీచరుకు ఒక మాట చెప్పాలి. ఈద్ మర్నాడు డబ్బాలో సేమియా ఎక్కువ పెట్టి పంపితే తోటి పిల్లలకు కూడా ఈద్ అంటే తెలుస్తుంది.

బడి ఇవ్వనిది ఇల్లే ఇవ్వాలి

దక్కన్ ముస్లిం ఇళ్లలో నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులకు బిడ్డకు బిస్మిల్లా చేయించే ఆనవాయితీ ఉంది. అది ఫర్జ్ కాదు, సున్నత్ కాదు, పెద్దల నుంచి వచ్చిన ఆచారం. కానీ ఆ వయసు చూడండి, సరిగ్గా ఎల్‌కేజీ వయసు. పూర్వం ఆ రోజు నుంచే బిడ్డ చేతికి ఖాయిదా వచ్చేది. ఇప్పుడు స్కూల్ బ్యాగ్ వస్తోంది, ఖాయిదా 'తర్వాత చూద్దాం' అని వాయిదా పడుతోంది.

కాన్వెంట్‌లో చదివి బిడ్డ దీన్‌కు దూరమవుతుందని భయపడే ఇళ్లలో కొన్నింటిలో, నిజంగా జరుగుతున్నది ఇదే. బడి ఏదో నేర్పినందుకు కాదు, ఇల్లు ఏమీ నేర్పనందుకు ఖాళీ పడుతోంది. ఉర్దూ సంగతి ఇంకా గట్టిది. ఎక్కువ ఇంగ్లీష్ మీడియం బడుల్లో ఉర్దూ సబ్జెక్టు ఉండదు. ఇంట్లో మాట్లాడినా చదవడం, రాయడం రాదు. పదేళ్లు పోతే నానీ రాసిన ఉత్తరం మనవరాలు చదవలేదు.

దీనికి రోజుకు అరగంట చాలు. అస్ర్, మగ్రిబ్ మధ్య మక్తబ్‌లో గానీ, ఇంట్లో గానీ ఖాయిదా. రాత్రి పడుకునే ముందు ఉర్దూలో ఒక ప్రవక్త కథ. ఇంగ్లీషు రాని తల్లి "నాకేం తెలుసు" అని వెనక్కి తగ్గనక్కర్లేదు. ఆమె ఉర్దూలో కథ చెబితే బిడ్డకు మాట పెరుగుతుంది, వినే ఓపిక పెరుగుతుంది. అదే ఓపిక మర్నాడు ఇంగ్లీషు క్లాసులోనూ పనికొస్తుంది. డైరీ చదవలేకపోతే పెద్ద పిల్లల చేత చదివించుకోవచ్చు, టీచరును వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టమని అడగవచ్చు. పేరెంట్స్ మీటింగ్‌కు మాత్రం తల్లో తండ్రో తప్పక పోవాలి. బడికి ముఖం తెలిసిన తల్లిదండ్రుల మాటకు విలువ ఎక్కువ.

మార్చి నాటికి చూసుకోవాల్సినవి నాలుగే. బిడ్డ బడికి నవ్వుతూ పోతోందా? తనకేం కావాలో టీచరుకు చెప్పగలుగుతోందా? రాసిచ్చిన మాటను బడి నిలబెట్టుకుందా? ఇంట్లో ఖాయిదా కనీసం కొన్ని పేజీలు నడిచిందా? మొదటి మూడింటికీ అవును అని జవాబు వస్తే యూకేజీకి అక్కడే కొనసాగించవచ్చు. నాలుగోదానికి కాదు అని వస్తే, మార్చాల్సింది బడిని కాదు.