వైద్యుని చేయి

పందొమ్మిదవ శతాబ్ది నడుమ వియన్నా నగరపు పెద్ద ధర్మాసుపత్రిలో రెండు ప్రసూతి విభాగములు ఉండెడివి. మొదటిదానిలో వైద్య విద్యార్థులును, రెండవదానిలో మంత్రసానితనము నేర్చుకొను స్త్రీలును పనిచేయుచుండిరి. గర్భిణులను ఒకనాడు ఒకదానియందును, మరునాడు రెండవదానియందును చేర్చుకొనెడివారు. నొప్పులతో వచ్చిన నిరుపేద స్త్రీ, ఆనాడు మొదటి విభాగపు వంతు అని తెలిసినచో, మోకాళ్లపై బడి, తన్నచ్చట చేర్పవలదని వేడుకొనెడిది.

ఆ భయము ఊరక పుట్టినది కాదు. 1846లో మొదటి విభాగమున 4,010 ప్రసవములు జరుగగా 459 మంది తల్లులు మరణించిరి. రెండవదాన 3,754 ప్రసవములకు మరణములు 105. ఒకే ఆవరణము, ఒకే ఊరి స్త్రీలు; వైద్యుల చేతిలో నూటికి పదునొకండ్రు పోవుచుండగా, మంత్రసానుల చేతిలో ముగ్గురైనను పోవుట లేదు. దారిలోనే ప్రసవించి వచ్చినవారు సైతము ఆ సూతికా జ్వరము వాత అంతగా పడుట లేదు!

ఆ యేట మొదటి విభాగమున సహాయ వైద్యుడుగా చేరిన హంగేరీ దేశీయుడు ఇగ్నాజ్ సెమ్మెల్వైస్‌ను ఈ అంకెలు ఊరకుండనీయలేదు. గాలిలోని విషమే కారణమని పెద్దలు చెప్పుచుండిరి. గాలి ఒక విభాగమున వీచి రెండవదానిని విడుచునా? ఇరుకు కారణమందురా, అందరును కోరి చేరుటచే రెండవ విభాగమే ఎక్కువ ఇరుకు. మరణశయ్యకడకు పోవు మతాచార్యుని గంట విని తల్లులు బెదరుచున్నారని యొక ఊహ. గంట మానిపించిరి; మరణములు మానలేదు.

1847 మార్చిలో సెమ్మెల్వైస్ మిత్రుడు, ఆచార్య కొలెట్ష్కా, శవపరీక్షా సమయమున ఒక విద్యార్థి కత్తి వ్రేలికి గ్రుచ్చుకొని మరణించెను. ఆయన దేహమున కనబడిన లక్షణములు బాలెంతల దేహములలో కనబడినవే. చిక్కు విడిపోయెను. వైద్యులును, విద్యార్థులును శవములను కోసిన చేతులతోడనే వచ్చి తల్లులను పరీక్షించుచుండిరి. మంత్రసానులకు శవములతో పనిలేదు.

మన ఇండ్లలో శ్మశానమునకు పోయివచ్చినవాడు స్నానము చేయనిదే ఇంటిలో మసలడు. ఎందులకన్న 'మైల' యనుటయే గాని అంతకు మించి చెప్పువారరుదు. వియన్నా పండితులు వ్యాధికి కారణములెన్నో చెప్పగలవారు. చేతిని మాత్రము శంకింపరైరి.

సబ్బుతో కడిగినను శవపు వాసన చేతులను వదలెడిది కాదు. మే నెలలో సెమ్మెల్వైస్ క్లోరినుతో కూడిన సున్నపు నీటిలో చేతులు కడుగుకొననిదే ఎవరును తల్లిని తాకరాదని కట్టడి చేసెను. ఏప్రిలులో నూటికి పదునెనిమిదికి పైబడిన మరణములు జూన్ నాటికి రెండింటికి, జూలైలో ఒకటింటికి దిగెను. 1848 మార్చిలోను, ఆగస్టులోను ఒక్క తల్లియు మరణింపలేదు.

నడుమ మరియొక దెబ్బ తగిలెను. 1847 అక్టోబరులో, గర్భాశయపు పుట్టకురుపుతో రసి కారుచున్న యొక స్త్రీని ముందు పరీక్షించి, అవే చేతులతో తక్కినవారిని పరీక్షించిరి. పండ్రెండుగురిలో పదునొకండుగురు పోయిరి. జీవించియున్న దేహము నుండియు విషము సోకునని అప్పుడు తెలిసెను. ఒక్కొక్క రోగికి ఒక్కొక్కమారు చేతులు కడుగవలెనను నియమము నాటిదే.

అయినను పెద్దలు సమ్మతింపరైరి. సెమ్మెల్వైస్ తన గ్రంథమును 1861 దాక వెలువరింపకపోవుట కొంత కారణము. అంతకంటె పెద్ద చిక్కొకటి కలదు: ఈ సిద్ధాంతమును ఒప్పుకొన్న వైద్యుడు తన చేతిలో పోయినవారిని లెక్కించుకొనవలసి వచ్చును. కీల్ నగరమున మిఖాయెలిస్ అను ప్రసూతి వైద్యుడు ఒప్పుకొనెను. తాను పురుడు పోసిన బంధువురాలు ఆ జ్వరముతోనే పోయినది. ఆ వేదన భరింపలేక 1848లో ఆయన ఆత్మహత్య చేసికొనెను. సెమ్మెల్వైస్ 1865లో పిచ్చాసుపత్రియందు, ఒంటి గాయము చీముపట్టి మరణించెను. ఆ జ్వరమునకు మూలమైన సూక్ష్మజీవిని పారిసులో పాశ్చరు చూపినది 1879లో.

కారణము తెలిసినపిదప చేతులు వానియంతట అవే కడుగబడునని తలచుట సహజము. 1994లో జెనీవా నగరపు విశ్వవిద్యాలయ ఆసుపత్రులలో కడుగవలసిన సందర్భములను పరిశీలకులు లెక్కించిరి. నూటికి 48 మారులే ఆ పని జరుగుచుండెను; వైద్యులలో మరియు తక్కువ. కుళాయి దూరము, తీరిక తక్కువ. అందుచే మంచము మంచమునకు స్పిరిటు ద్రవపు సీసాలుంచిరి, గోడలపై చిత్రములు అంటించిరి, లెక్కలను సిబ్బందికే చూపిరి. 1997 నాటికి 48 కాస్త 66 అయ్యెను. ఆసుపత్రిలో సోకిన అంటుతో బాధపడు రోగులు నూటికి 16.9 నుండి 1998లో 9.9కి తగ్గిరి. నర్సులును, వారి సహాయకులును బాగుగా మారిరి. వైద్యుల లెక్క మాత్రము అంతగా కదలలేదు.